నాదమును దాచుట

ధనమును దాచుకొనుట లోకమున అందరెరిగిన విద్య. నాదమును దాచుట అట్టిది కాదు. పలికిన పలుకు, పాడిన పాట గాలిలో పుట్టి గాలిలోనే లయించును.

కడప సీమలోని తాళ్లపాకలో జన్మించిన అన్నమాచార్యుడు (1408–1503) 32,000 సంకీర్తనలు రచించెనని ప్రసిద్ధి. ఆతని వంశీయులు వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమలలో భద్రపరచిరి. ఆ రేకులపై సాహిత్యము కలదు. రాగముల పేర్లును కలవు. కాని ఆయా కీర్తనలు ఏ వరుసలో పాడబడెనో తెలుపు స్వరములు చాలవరకు లేవు. కావుననే ఇరువదవ శతాబ్దమున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మున్నగు విద్వాంసులు అనేక కీర్తనలకు క్రొత్తగా స్వరములు కూర్పవలసి వచ్చెను. రాగిరేకు తనపై వ్రాసినదానిని ఐదు వందల యేండ్లు కాపాడినది. వ్రాయనిదానిని ఎట్లు కాపాడగలదు?

నేడు నాదమునే పట్టి దాచు యంత్రములు వచ్చినవి. అయినను, దేనిని ఉంచవలెను, దేనిని విడువవలెను అను ప్రశ్న మాత్రము తీరలేదు.

1982లో వెలువడిన సీడీలో ధ్వనితరంగమును సెకనునకు 44,100 పర్యాయములు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్లలో వ్రాయుదురు. ఇట్లు వ్రాసిన పాటకు నిమిషమునకు సుమారు 10 మెగాబైట్ల చోటు కావలెను. ఇంత చోటు వెచ్చింపలేని కాలమున, జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ శాస్త్రజ్ఞులు ప్రధానముగా కృషి చేయగా ఎంపీ3 పద్ధతి రూపొందినది. దాని ప్రమాణము 1993లో ప్రచురింపబడెను. మానవుని చెవికి గల పరిమితియే దీనికి ఆధారము. జాతరలో డప్పులు మ్రోగుచుండగా ప్రక్కవాని గుసగుస వినబడదు గదా! అట్లు పెద్ద ధ్వని చాటున మరుగుపడు చిన్న ధ్వనులను గణించి, వానిని విడిచివేయుటయో, స్థూలముగా వ్రాయుటయో ఎంపీ3 చేయు పని. సెకనునకు 128 కిలోబిట్లతో వ్రాసిన ఎంపీ3 పాట, సీడీ పాటకు కావలసిన చోటులో పదునొకండవ వంతులోనే ఇముడును. 1997లో వచ్చిన ఏఏసీ పద్ధతి అంతే చోటులో మరికొంత మెరుగుగా పలికించును. 2001లో వెలువడిన ఫ్లాక్ పద్ధతి వీనికి భిన్నమైనది. ఎంపీ3 పంచె అంచులు కత్తిరించి పెట్టెలో పెట్టుట వంటిది. ఫ్లాక్ పంచెను మడిచి పెట్టుట వంటిది. మడత విప్పినప్పుడు ఒక్క పోగైనను తరుగదు. కాని అది ఎంపీ3 కంటె ఎక్కువ చోటును కోరును.

వీనిలో ఏది మేలు? కుదించిన పాట పాటయే కాదని కొందరందురు. భేదమే లేదని మరికొందరందురు. ఈ రెండు మాటలును అతిశయోక్తులే. ఏది ఏదో చెప్పక వినిపించి పరీక్షించినప్పుడు, 256 కిలోబిట్ల ఎంపీ3ని సీడీ నుండి వేరుగా గుర్తించువారు అరుదు. 128 కిలోబిట్లకు దిగినప్పుడు, అంతకును తగ్గినప్పుడు, లోపము బయటపడును.

ఆ లోపము కర్నూలు, కడప సీమల కళలకే ఎక్కువగా తగులును. చెక్కభజనలో చెక్కల దెబ్బ క్షణములో పుట్టి క్షణములో అణగును. ఎంపీ3 పద్ధతి ధ్వనిని చిన్న చిన్న తునకలుగా గ్రహించి గణించును. తునక నడుమ హఠాత్తుగా దెబ్బ పడినచో, గణనలోని దోషము తునక అంతటను వ్యాపించి, దెబ్బకు ముందే ఒక మసక సవ్వడియై వినబడును. కాస్టనెట్లు అను స్పెయిన్ దేశపు చిరుచెక్కల ధ్వనిని ఇట్టి పద్ధతులకు పరీక్షగా నిపుణులు వాడుట ఇందులకే. తబలా, డప్పు, తాళముల పదునును ఇట్లే మొక్కవోవును.

1963లో కడపలో ఆకాశవాణి కేంద్రము ఏర్పడిన పిదప ఈ సీమ పాటలు దూరగ్రామములకు చేరెను. నేడు ప్రతి యింట చరవాణి కలదు. వృద్ధ గాయకుల పాటను ఎవరైనను పట్టి దాచవచ్చును. కాని పట్టిన పాటను కుదించి, కుదించినదానిని ఒకరికొకరు పంపుకొని, మరల కుదించి, తొలి ప్రతిని చెరిపివేయుట వాడుకయైనది. కుదించిన ప్రతి పర్యాయమును నాదము కొంత తరుగును. తరిగినదానిని పిమ్మట ఫ్లాక్‌గా మార్చినను పోయినది తిరిగి రాదు.

చోటు చాలదను సాకు నేడు చెల్లదు. 64 గిగాబైట్ల గోరంత కార్డులో సీడీ నాణ్యత గల ధ్వని సుమారు నూరు గంటలు ఇముడును. నూరు గంటలలో ఒక పల్లె పాటలన్నియు ఇమిడిపోవచ్చును.

కావున వినోదమునకు ఎంపీ3 చాలును. దానిని నిందింప పనిలేదు. భద్రపరచుటకు మాత్రము కుదింపని తొలి ప్రతియే కావలెను. మెట్ట రైతు జొన్ననూకలు వండుకొని తినును గాని, వానిని విత్తనపు గాదెలో పోయడు. నూకలు ఆకలి తీర్చును, మొలకెత్తవు. ఊరిలోని వృద్ధుల పాటలను సేకరింపబూనిన విద్యార్థులు ఈ వివేకమును పాటింతురు గాక!