వృత్తి మార్చువాఁడు భ్రష్టుఁడా?

చదువుకొన్న కుటుంబములలో నేఁడు విరివిగా వినవచ్చు హితవచన మొకటి కలదు: "ఉన్నది పోఁగొట్టుకొని లేనిదానికొఱకు పరుగెత్తవలదు." ముప్పదియైదేండ్ల కుమారుఁడు తన కొలువు తనకు సరిపడలేదనియు, మఱొక విద్య నేర్చి మఱొక పని చేయఁదలఁచితి ననియు చెప్పిన దినమున ఆ యింట పొయ్యి రాజదు. తల్లి కన్నీరు పెట్టును. తండ్రి పత్రిక చాటున మొగము దాఁచుకొనును. మేనమామ వచ్చి నీతిబోధ చేయును. "నాయనా, నీయొద్ద ఎన్ని నెలల ఖర్చునకు ధనమున్నది? ఆ క్రొత్త పని నీకెంతవఱకు తెలియును?" అని మాత్ర మెవ్వరును అడుగరు. అడుగవలసిన యీ రెండు ప్రశ్నలను విడిచి, అడుగరాని ప్రశ్న యొక్కటి యడుగుదురు: "నలుగురేమందురు?" ఈ వ్యాసము ఆ నలుగురినిగూర్చియే.

మనవారికి "ఉద్యోగం పురుషలక్షణ"మను లోకోక్తి కంఠస్థము. అందలి ఉద్యోగశబ్దమునకు ప్రయత్నమని యర్థము. నెలజీతమను నర్థము తరువాత వచ్చిచేరినది. భారతమున ఉద్యోగపర్వమని యొక పర్వమే కలదు. అందు పాండవులలో నెవ్వరును కొలువునకు దరఖాస్తు పెట్టుకొనలేదు. వారు కొలువు చేసినది అంతకుముందు విరాటపర్వమున. అదియు మాఱుపేరులతో, ఒక్క సంవత్సరము. భీముఁడు వంటవాఁడయ్యెను, అర్జునుఁడు నాట్యాచార్యుఁడయ్యెను, నకులుఁడు గుఱ్ఱముల సాకెను. వారిని భ్రష్టులని యే పౌరాణికుఁడును చెప్పఁడు. ఆ పురాణము విని కన్నులొత్తుకొను పెద్దలే, ఇంటిలోని బ్యాంకు గుమాస్తా వడ్రంగము నేర్చుకొందు ననఁగా ఆకాశము విఱిగిపడినట్లు మొత్తుకొందురు.

పురాణము చాలదన్నచో ప్రత్యక్షమునే చూతము. హైదరాబాదు పాతబస్తీలో చార్‌కమాను దాటి మదీనా కూడలివైపు పోవు బాటకు ఇరువైపుల రాతి కమానుల వరుస యున్నది. అదియే పత్తర్‌గట్టి. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచినది. పిమ్మట 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంఘమువారు ఊరిని తీర్చిదిద్దుచు ఈ బజారును కట్టించిరి. ఆ కమానులక్రింద ముత్యములు, అత్తరులు, వస్త్రములు అమ్ముదురు. చేరువనున్న ఛత్తాబజారున శుభలేఖలు ముద్రింతురు. ఈ వీథులలో రెండు వృత్తులు రూపు మాఱినవి. ఒకటి మన తాతల కాలమున, ఒకటి మన కన్నులయెదుట.

కన్నులయెదుట మాఱినది కాతిబుల వృత్తి. ఉర్దూభాషకు వాడు నస్తాలీఖు లిపిలో అక్షరము ఒంటరిగా నిలువదు; ప్రక్క అక్షరమునుబట్టి దాని రూపమును ఎత్తును మాఱును. పదము వాలుగా క్రిందికి దిగును. సీసపు అచ్చులు దానికి కుదరలేదు. అందుచేత తెలుగు, ఇంగ్లీషు పత్రికలవారు అచ్చులు కూర్చి ముద్రించుకొనుచుండఁగా, ఉర్దూ పత్రికలను కాతిబులు రెల్లుకలముతో పుటపుటయు వ్రాయుచుండిరి. ఆ వ్రాఁతను రాతిమీఁదికిని, తరువాతి కాలమున లోహఫలకముమీఁదికిని ఎక్కించి ముద్రించుచుండిరి. చేయి కుదురుటకు ఏండ్లు పట్టు విద్య యది. 1981లో పాకిస్తానున మీర్జా అహ్మద్ జమీల్ వేలకొలఁది పదరూపములను వ్రాసి యంత్రమున కనువుపఱచెను. 1994లో మన దేశమున ఇన్‌పేజ్ అను కంప్యూటరు సాధనము వెలువడెను. అటుపై పత్రికాలయములలో కాతిబుల పీఠములు ఒక్కటొక్కటిగా ఖాళీ యయ్యెను.

అప్పుడు కొందఱు "యంత్రమునకు సొగసెక్కడిది?" అని కలము విడువక కూర్చుండిరి. వారి మాట నిజమే. కాని సొగసునకు వెల యిచ్చువారు అరుదైరి. కొందఱు శుభలేఖలకును, నామఫలకములకును తమ కలమును మరలించిరి. మఱికొందఱు తమ యన్నము తీసిన యంత్రము ముందే కూర్చుండి దానిని నేర్చిరి. ఎక్కడ ఎడము చాలలేదు, ఏ గీత బరువెక్కినది అను నెఱుక వారితోఁగూడ యంత్రముకడకు నడచివచ్చెను. చేతిలోని కలము పోయెను గాని కంటిలోని కొలత పోలేదు. వృత్తి మార్చినచో నింతకాలము నేర్చినదంతయు గంగపాలగునని వడఁకువారు ఈ యొక్క సంగతిని గుర్తింపవలెను.

జర్మనీలో త్రిథేమియస్ అను మఠాధిపతి 1492లో చేతివ్రాఁతను పొగడుచు, అచ్చును తక్కువచేయుచు ఒక గ్రంథము రచించెను. 1494లో ఆ గ్రంథము అచ్చయ్యెను! నోరు పాతదానిని పొగడుచుండఁగనే కాళ్లు క్రొత్తదానివైపు నడచుట మానవస్వభావము. అందు దోషము లేదు. నడువఁబోవువాని కాళ్లను ఇంటివారు కట్టివేయుటయే దోషము.

తాతల కాలమున మాఱినది ముత్యముల వర్తకము. పూర్వము హైదరాబాదునకు వచ్చినవి పర్షియా సింధుశాఖలో మునిఁగి తీసిన సహజముత్యములు. బస్రా ముత్యములని వానికి పేరు. 1893లో జపానున మికిమోతో కొకిచి ఆల్చిప్పలో ముత్యమును పెంచుటలో తొలిసారి కృతకృత్యుఁడయ్యెను. పెంపుడు ముత్యములు విపణిలోనికి వచ్చినపిమ్మట ఆ సింధుశాఖ తీరముల ముత్యపు వ్యాపారము కూలెను. 1932లో బహ్రెయినున చమురు పడఁగా, సముద్రమున మునిఁగి బ్రతికినవారిలో ననేకులు చమురు పనులలో కుదిరిరి. పత్తర్‌గట్టి ముత్యపు దుకాణములు మాత్రము మూఁతపడలేదు. నేఁడక్కడ అమ్మునవి మిక్కిలిగా పెంపుడు ముత్యములే. సరకు మాఱినను, గుండ్రదనమును నిగనిగను చూచి వేఱుపఱచు కన్నును, సన్నని రంధ్రము తొలిచి దారమెక్కించు చేయియు నిలిచినవి. సముద్రము లేని యూరు ముత్యములకు పేరుపొందినది ఆ కంటివలనను ఆ చేతివలననే.

"కొలువు విడిచి వీథిన పడినవారి మాటయేమి?" అని యొకరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. కాతిబులందఱును గట్టెక్కలేదు. రుసుము పుచ్చుకొని "భయము విడువుము, దూఁకుము" అని ధైర్యము నమ్ము నేఁటి యుపదేశకులతో నాకు పొత్తు లేదు. భయములు రెండు తెఱఁగులు. మొదటిది కడుపుభయము: ఇంటియద్దె, పిల్లల బడిజీతము, ముసలివారి మందులు. ఇది సత్యమైన భయము. దీనికి మందు లెక్క. ఒక యేఁటి ఖర్చు చేతనుంచుకొని, ఉన్న కొలువులో నుండఁగనే సాయంకాలములందు క్రొత్తపని నేర్చి, ఏ చుట్టఱికమును లేనివాఁడు ఆ పనికి డబ్బిచ్చుట చూచినపిమ్మట పాతదానిని విడుచువానికి ఈ భయము చాలవఱకు తీఱును.

రెండవది పరువుభయము. దీనికి లెక్కయు లేదు, మేరయు లేదు. సంబంధములు రావనియు, అల్లుఁడు తలవంచుకొనుననియు, పెండ్లిపందిరిలో "ఏమి చేయుచున్నాఁడు?" అన్నచో ఏమి చెప్పవలె ననియు దీని మూలుగు. కడుపుభయము కుమారునిది, ఈ పరువుభయము మనది. మనది మనము మోయక, వాని నెత్తిన పెట్టి, "వీఁడు పిఱికివాఁడు" అని వానినే నిందింతుము. టంగుటూరి ప్రకాశంగారు మద్రాసున బారిష్టరుగా గడించిన యాదాయమును విడిచి 1921లో స్వరాజ్యపత్రిక నారంభించిరని పిల్లలచేత వల్లె వేయింతుము. అట్టివాఁడు మన యింట పుట్టినచో గడపలో నడ్డముగా నిలుచుందుము.

ఇంకొక సంగతి కలదు. దీనిని చెప్పుటకు సిగ్గగుచున్నది. వృత్తి మార్చుటలో మన యిండ్లలో ఆరితేఱినవారు స్త్రీలు. పెండ్లియైనదని యొక కొలువు, భర్తకు బదిలీయైనదని యొక కొలువు, బిడ్డ పుట్టెనని యొక కొలువు విడిచి, కొన్ని యేండ్లకు మరల మొదటినుండి మొదలిడిన కోడండ్రు ఎందఱు లేరు! నలుగురేమందురని అప్పుడెవ్వరు నడుగలేదు. ఆమె భయమును గూర్చి యెవ్వరును విచారింపలేదు. కోడలు విడిచినచో కర్తవ్యము, కుమారుఁడు విడిచినచో పతనము, ఆమెయే తన యిష్టముచే మార్చినచో తలబిరుసు: ఇది యేమి ధర్మశాస్త్రము?

గృహస్థులారా, ఆ నలుగురు మీ యింటి యద్దె నెన్నఁడును చెల్లింపలేదు, ఇఁకమీఁదటను చెల్లింపరు. ఈసారి మీ కుమారుఁడో కుమార్తెయో కోడలో వృత్తి మార్తు ననినప్పుడు మేనమామకు కబురు పంపకుఁడు. కాగితమును కలమును తీసికొని వారి ప్రక్కన కూర్చుండి లెక్క వ్రాయుఁడు. లెక్క కుదరనిచో ఎన్ని నెలలు ఆఁగవలయునో చెప్పుఁడు. కుదిరినచో గడపనుండి ప్రక్కకు తొలఁగుఁడు.