తేనెపిట్ట - మందారం

ఎగిరే పిట్టది స్వేచ్ఛ అనీ, నాటినచోట నిలిచే మొక్కది నిస్సహాయత అనీ లోకం తలుస్తుంది. పెరటి మందారాన్ని చూస్తే ఆ తలపు నిలువదు. 10 సెంటీమీటర్ల తేనెపిట్ట తరచుగా పువ్వు మొదట్లో ముక్కుతో పొడిచి, పుప్పొడి నంటకుండానే మకరందాన్ని అపహరిస్తుంది. ఇది దొంగతనమే! అయినా మందారానికి నష్టం స్వల్పం. పెరటి మందారం సాధారణంగా గింజ కట్టదు. మనిషి కొమ్మ నాటితే వ్యాపిస్తుంది. పిట్ట లేకున్నా అది పూస్తుంది. పిట్టకు మాత్రం తేనెకు పువ్వు కావాలి, ఆడపిట్ట సాలెపోగులతో అల్లే సంచివంటి గూటికి కొమ్మ కావాలి. కారు నిలుపుకొనేందుకు మందారాన్ని నరికించే గృహస్థుడు, "పిట్టకేమి, పక్కింటికి ఎగిరిపోతుంది" అంటాడు. పక్కింటి పెరడు అప్పటికే సిమెంటు గచ్చు.