ఉంగరం ఎవరి వేలికి?

శకుంతల కష్టాలన్నిటికీ దుర్వాసుడి శాపమే కారణమన్నాడు కాళిదాసు. అనుభవమున్న కంసాలి అయితే ఇంకో కారణం కూడా చెబుతాడు. దుష్యంతుడు వెళ్తూ వెళ్తూ ఆమె వేలికి తొడిగింది తన పేరు చెక్కి ఉన్న తన సొంత ఉంగరం. రాజుగారి వేలికి చేసింది ఆశ్రమ కన్య వేలికి వదులు కాకుండా ఎలా ఉంటుంది? శచీతీర్థంలో ఆమె నీళ్లకు మొక్కుతుండగా అది జారిపోయింది, చేప మింగింది. మహాభారతంలోని కథలో ఈ ఉంగరమే లేదు. నాటకంలోకి దాన్ని తెచ్చింది కాళిదాసు. ఇచ్చేవారి కొలతకు చేసిన ఉంగరం పుచ్చుకునేవారి వేలికి నిలవదన్న సంగతి కూడా ఆయన ఆ పనిలో పనిగా చెప్పినట్టయింది.

ఇన్ని శతాబ్దాల తర్వాత మన నిశ్చితార్థాల్లో జరుగుతున్నదీ దాదాపు అదే. ఒకప్పుడు తాంబూలాలు పుచ్చుకుంటే సంబంధం ఖాయమైనట్టే. ప్రధానపు ఉంగరం ఉన్నా దాని పాత్ర చిన్నది. పెద్దపీట మంగళసూత్రానికి, మెట్టెలకు. ఇప్పుడు నిశ్చితార్థమంటే ఫంక్షన్ హాలు, వేదిక, ఉంగరాలు మార్చుకునే క్షణం కోసం కాచుకున్న కెమెరాలు. అయితే ఆ ఉంగరాన్ని ఎంపిక చేసేది ఎక్కువగా అబ్బాయి తల్లి, ఆడపడుచు, వారికి అలవాటైన నగల దుకాణం. కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్న ‘ఎంతలో?’. రెండోది ‘ఇంకాస్త పెద్దగా కనిపించేది లేదా?’. వేసుకోబోయే అమ్మాయి రోజంతా ఆ చేతులతో ఏం పని చేస్తుందన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు.

అసలు అడగాల్సింది అదే. ఎందుకంటే పెళ్లి నగల్లో హారం, వడ్డాణం వేడుక ముగియగానే బ్యాంకు లాకర్‌కు వెళ్తాయి. ఉంగరం మాత్రం మర్నాటి నుంచీ పిండి కలుపుతుంది, కీబోర్డు కొడుతుంది, బస్సులో కమ్మీ పట్టుకుంటుంది. అది అలంకారమే అయినా పనిముట్టులా మన్నాలి.

మొదట చూడాల్సింది రాయిని బిగించిన తీరు. 1886లో టిఫానీ కంపెనీ ఆరు సన్నని గోళ్లతో వజ్రాన్ని పైకెత్తి పట్టుకునే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. రాయికి అన్ని వైపుల నుంచీ వెలుతురు తగిలి మెరుపు బాగా వస్తుంది. అందుకే నేటికీ సాలిటేర్ అంటే అందరి కళ్లముందూ మెదిలేది ఆ రూపమే. కానీ ఆ గోళ్లే చీర జరీని లాగుతాయి, డాక్టర్లూ నర్సుల గ్లవ్స్‌ను చింపుతాయి, పసిబిడ్డకు స్నానం చేయిస్తుంటే గీసుకుంటాయి. అలాంటి చేతులకు రాయి చుట్టూ బంగారు అంచు కట్టిన ఉంగరమో, రాయి పూర్తిగా బంగారంలోకి దిగిన ఉంగరమో మేలు. మెరుపు కొంత తగ్గినా రాయి ఊడిపోతుందన్న బెంగ ఉండదు. యంత్రాల దగ్గర పనిచేసే వారైతే పని వేళల్లో ఉంగరం తీసేయడమే క్షేమం. 2015లో అమెరికన్ టీవీ వ్యాఖ్యాత జిమ్మీ ఫాలన్ ఇంట్లో తూలిపడినప్పుడు ఉంగరం బల్ల అంచుకు తగులుకుని వేలు దాదాపు ఊడివచ్చింది. దాన్ని నిలబెట్టడానికి గంటల తరబడి శస్త్రచికిత్స చేయాల్సి వచ్చింది.

తర్వాత లోహం. మన ఇళ్లలో 22 క్యారెట్ల కంటే తక్కువైతే బంగారమే కాదన్న పట్టుదల ఉంది. నిజానికి 91.6 శాతం స్వచ్ఛత ఉన్న ఆ బంగారం మెత్తన. రాయిని పట్టుకున్న గోళ్లు తొందరగా వంగుతాయి. 75 శాతం బంగారం ఉండే 18 క్యారెట్లు రాళ్ల ఉంగరానికి గట్టి పునాది. తెల్ల బంగారానికి ఆ తెలుపు తెచ్చేది పైన వేసిన రోడియం పూత. రోజూ వేసుకుంటే అది అరిగి మళ్లీ పూత వేయించాల్సి వస్తుంది. కొన్ని తెల్ల బంగారాల్లో కలిపే నికెల్ కొందరి చర్మానికి పడదు. అలాంటివారికి ప్లాటినం నయం.

రాయి విషయంలో గట్టిదనమే గీటురాయి. గీతలు పడకుండా తట్టుకునే శక్తిని కొలిచే మోహ్స్ కొలమానంలో వజ్రం 10, కెంపు, నీలం 9, పచ్చ 8కి కాస్త అటూ ఇటూ, ముత్యం 2.5. అంటే రోజువారీ ఉంగరానికి కెంపు వజ్రం తర్వాత స్థానంలో నిలబడుతుంది. పచ్చల్లో సహజంగానే పగుళ్లుంటాయి, వాటిని కప్పడానికి నూనె పట్టిస్తారు. అందుకే వేడి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు వాటికి పడవు. ముత్యం, పగడం చింతపండు పులుసుకూ, నిమ్మరసానికీ కూడా మెరుపు కోల్పోతాయి. అన్నట్టు, వజ్రం గీతలు పడనిదే గానీ పగలనిది కాదు. మొన తేలిన మూలలున్న చదరపు వజ్రం గట్టి దెబ్బ తగిలితే చిట్లుతుంది. గుండ్రటిది అంతకంటే భద్రం.

అసలు వజ్రమే ఎందుకన్న ప్రశ్న కూడా వేసుకోవచ్చు. నిశ్చితార్థానికీ వజ్రానికీ విడదీయరాని బంధం ఉందని లోకాన్ని నమ్మించింది డీ బీర్స్ కంపెనీ. వజ్రం శాశ్వతమనే దాని ప్రచార వాక్యాన్ని 1947లో ఫ్రాన్సెస్ జెరెటీ అనే ప్రకటనల రచయిత్రి రాశారు. 1981లో డయానా ఎంచుకున్నది చుట్టూ చిన్న వజ్రాలు పొదిగిన 12 క్యారెట్ల శ్రీలంక నీలం. కేటలాగ్‌లో ఎవరైనా కొనుక్కోగలిగే ఉంగరం రాజవంశానికి తగదని అప్పట్లో కొందరు ముక్కు విరిచారు. 2010లో అదే కేట్ మిడిల్టన్ వేలికి చేరింది. ప్రపంచమంతా దాని నకళ్లు చేయించుకుంది. మన దగ్గరైతే శని రత్నమని నీలాన్ని జాతకం చూపించకుండా ముట్టుకోరు. ఆ నమ్మకం ఉన్న ఇంటికి వెళ్లే ఉంగరమైతే ముందే కనుక్కోవడం మర్యాద.

అందం సంగతికొస్తే, పొట్టి వేళ్లకు కోలగా ఉండే రాళ్లు పొడుగు భావన ఇస్తాయి. మన అమ్మమ్మల వంకీ ఉంగరం చేసేదీ అదే పని. మధ్యలో మొనదేలిన ఆ వంపు వేలిని సాగదీసి చూపిస్తుంది. పొడుగాటి వేళ్లకు వెడల్పు పట్టీ, పెద్ద రాయి నప్పుతాయి. అయితే సూత్రాలకంటే అమ్మాయి ఇప్పటికే వేసుకుంటున్నవి చూడటం మేలు. సన్నని గొలుసు తప్ప ఏమీ వేసుకోని వేలికి నవరత్నాల ఉంగరం తొడిగితే అది నెల తిరక్కుండానే బీరువా చేరుతుంది.

కొలత తప్పితే ఇదంతా వృథా. వేళ్లు ఎండాకాలంలోనూ సాయంత్రం వేళా కాస్త ఉబ్బుతాయి, చలిలో సన్నబడతాయి. కొలత పగటిపూట, ఏ వేలికి తొడుగుతారో ఆ వేలికే తీయాలి. కణుపు దగ్గర కొంచెం బిగువుగా దాటి, కింద తిరగకుండా నిలవాలి. చుట్టూరా రాళ్లు పొదిగిన ఉంగరాన్ని తర్వాత పెంచడం, తగ్గించడం చాలా కష్టం. పిల్లలు పుట్టాక వేళ్లు మారే అవకాశముంది కాబట్టి సగం వరకే రాళ్లున్నది తెలివైన ఎంపిక.

ఇక డబ్బు. బిల్లులో బంగారం, రాయి, తరుగు, మజూరీ విడివిడిగా రాయించుకోండి. రాయి బరువును బంగారం ధరకు కలపనివ్వకండి. హాల్‌మార్క్‌తోపాటు ఉండే ఆరు అక్షరాలు, అంకెల గుర్తింపు కోడ్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. 2 గ్రాముల లోపు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదన్న సంగతి సన్నని ఉంగరాలు కొనేవారు గుర్తుంచుకోవాలి. ప్రయోగశాలలో తయారైన వజ్రం కూడా కర్బనమే, గట్టిదనమూ అంతే, ధర మాత్రం చాలా తక్కువ. తిరిగి అమ్మితే వచ్చేదీ అంతంతే. సహజ వజ్రాన్ని అమ్మినా కొన్న ధర రావడం అరుదు. కాబట్టి ఉంగరాన్ని పెట్టుబడిగా చూడకపోవడమే మంచిది.

అమ్మాయిని ముందే అడిగితే ఆశ్చర్యపరిచే సరదా పోతుందనేవారున్నారు. పెళ్లయ్యాక ఏ ఊళ్లో ఉండాలి, ఉద్యోగం మానాలా, పిల్లలెప్పుడు అన్న ప్రశ్నలు వరసగా రాబోతున్నాయి. ఆ జాబితాలో అన్నిటికంటే తేలికైనది ఉంగరం. దీని దగ్గరే ఆమె మాట అక్కర్లేదనుకున్న ఇంట్లో మిగతావాటి దగ్గర అడిగే అలవాటు ఎక్కణ్నుంచి వస్తుంది? అబ్బాయికి ఉంగరం చేయించే అత్తమామలకూ ఇదే వర్తిస్తుంది. బండి నడిపే చేతికి, జిమ్‌లో బరువులెత్తే చేతికి బరువైన రాళ్ల ఉంగరం బహుమతి కాదు, బాధ్యత. బడ్జెట్ పెద్దలు చెప్పండి. దుకాణానికి ఆ ఇద్దరినీ పంపండి.