మనుషుల్ని తుడిచేసే లెన్సు

భూగర్భ రైలు స్టేషనుని వైడ్ యాంగిల్ లెన్సుతో ఫొటో తీయడం ఇవాళ పెద్ద వేలంవెర్రి అయిపోయింది. ఇది అందమైన అబద్ధమనీ, ఆ అబద్ధంవల్ల నష్టపోయేది ఆ స్టేషనులో రోజూ ఎక్కి దిగే జనమేననీ నా వాదన. ఫొటోగ్రాఫర్ మిత్రులకు కోపం వస్తే రానివ్వండి. మద్రాసులో సబ్‌వే అంటే రోడ్డు కింద నడిచి దాటే దారి అనుకుంటాం. నేను చెబుతున్నది అది కాదు, నేల కింద మెట్రో రైలు ఆగే స్టేషను సంగతి.

ఆ బొమ్మ ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. అద్దంలా మెరిసే నేల. రెండు పక్కలనుంచీ పరుగెత్తుకెళ్ళి ఎక్కడో ఒక చుక్కలో కలిసే గీతలు. గుడి మండపమంత పైకప్పు. రైలుంటే అదొక వెలుగు చార. మనిషి ఉండడు, ఉన్నా చీమంత. క్యాలెండర్ల మీద, డైరీల అట్టల మీద, పోటీల్లో బహుమతి కొట్టిన ఫొటోల్లో ఇదే బొమ్మ. ఊరి పేరు తీసేస్తే అది చెన్నైయో, కలకత్తాయో, మాస్కోయో చెప్పడం కష్టం.

ఇందులోని మర్మం పెద్దదేమీ కాదు. 35 మిల్లీమీటర్ల ఫిలిం కెమెరాకి 50 మి.మీ. లెన్సుని నార్మల్ లెన్సు అంటారు. అది మూలనుంచి మూలకి 47 డిగ్రీల మేర చూస్తుంది. 24 మి.మీ. లెన్సు 84 డిగ్రీలు, 16 మి.మీ. లెన్సు 107 డిగ్రీలు చూస్తాయి. ఇప్పటి సెల్‌ఫోనులో 0.5 అన్నచోట నొక్కితే దాదాపు 120 డిగ్రీలు వస్తుంది. కోణం పెరిగినకొద్దీ బాగా దగ్గరికి జరిగి కూడా అంతా పట్టించవచ్చు. అలా దగ్గర నిలబడి తీస్తే ముందున్నది కొండంత, నాలుగడుగులు వెనకున్నది గోరంత అవుతుంది. పదడుగుల నడవా పెళ్ళిపందిరి అయిపోతుంది. బొమ్మ అంచుల్లో ఎవరైనా నిలబడితే మొహం రబ్బరులా సాగిపోతుంది. అందుకని అంచుల్లో ఎవరూ లేకుండా చూసుకుంటారు. మధ్యలో దూరంగా ఉన్నవాడు ఎలాగూ చీమే. ఇంకా మిగిలినవాళ్ళ కోసం మరో ఉపాయం ఉంది. షట్టరు కొన్ని సెకన్లు తెరిచి ఉంచితే నడిచేవాళ్ళు పొగలా చెదిరిపోతారు, కదలని గోడలు మాత్రం మిగులుతాయి. అదీ కుదరకపోతే తెల్లవారుజామున మొదటి రైలు వేళకి వెళ్ళి తీసుకొస్తారు.

మా బ్యాంకు భాషలో దీనికొక పేరుంది, విండో డ్రెస్సింగ్. బి.కాం. చదివిన ప్రతివాడికీ ఇది తెలుసు. మార్చి 31 నాటికి ఎలాగో డిపాజిట్లు పెంచి చూపిస్తారు. ఏప్రిల్ మొదటివారంలో ఆ డబ్బు వచ్చిన దారినే పోతుంది. లెక్కల్లో ఒక్క అంకె తప్పుండదు. ఆ రోజున ఆ డబ్బు నిజంగానే ఉంది. అయినా అది మోసమే, ఎందుకంటే మిగతా 364 రోజుల సంగతిని అది దాచేస్తుంది. మనిషి లేని స్టేషను ఫొటో కూడా అంతే. ఆ క్షణాన అది నిజం. పొద్దున్న తొమ్మిది గంటలకు అదే మెట్ల మీద భుజాలు రాసుకుంటూ దిగే జనానికి మాత్రం అది అబద్ధం.

నా ఉద్యోగంలో గృహరుణాల ఫైళ్ళు చాలా చూశాను. ఫ్లాటు ఫొటోలో హాలు కల్యాణమండపంలా ఉంటుంది. టేపు పట్టి కొలిస్తే పది బై పన్నెండు. అందుకే మేము ఫొటో చూసి అప్పివ్వం, మదింపుదారుని పంపి కొలిపిస్తాం. సొంత డబ్బు పెట్టేచోట ఇంత జాగ్రత్తగా ఉండే మనం, ప్రజల డబ్బుతో కట్టిన చోటుని ఫొటో చూసి మెచ్చుకుంటున్నామే, అక్కడ టేపు ఎవరు పడతారు? చెన్నై మెట్రో మొదటి దశకి జపాన్ సంస్థ జైకా అప్పిచ్చింది. ఆ అప్పు తీర్చేది చివరికి టిక్కెట్టు కొనేవాడూ, పన్ను కట్టేవాడూ. ఆ ఇద్దరికీ ఫొటోలో చోటు లేదు. మోకాళ్ళ నొప్పులున్న ముసలాయనకి కావలసింది పైకప్పు వైభవం కాదు. ప్లాట్‌ఫారం నుంచి లిఫ్టుకి ఎంత దూరం, మధ్యలో కూర్చోవడానికి బెంచీ ఉందా అన్నది. అవి రెండూ ఆ ఫొటోలో కనబడవు.

ఎదుటివాళ్ళ వాదన కూడా విందాం. స్టేషనులో వెనక్కి జరగడానికి చోటుండదు కాబట్టి వైడ్ యాంగిల్ తప్పదంటారు. ఒప్పుకుంటాను. 2017 మే 14న చెన్నైలో మొదటి భూగర్భ మార్గం తెరిచినప్పటినుంచీ ఆ స్టేషన్లలో ప్లాట్‌ఫారం అంచున అద్దాల తలుపులున్నాయి, వాటిని దాటి వెనక్కి పోలేం. అవసరానికి వాడండి. అయితే కెమెరాని మనిషి కంటి ఎత్తులో, అటూ ఇటూ వంచకుండా పట్టండి. స్తంభాలు తాగినవాడిలా ఒరిగిపోవు. బొమ్మ మధ్యలో, నాలుగైదు అడుగుల దూరంలో ఒక మనిషిని ఉండనివ్వండి. చోటు అసలు కొలత ఎంతో ఆ మనిషే చెబుతాడు.

ఫొటో కళ, కొలబద్ద కాదంటారు రెండోవాళ్ళు. కళే కావాలంటే చూపిస్తాను. 1938 నుంచి 1941 దాకా వాకర్ ఎవాన్స్ న్యూయార్క్ భూగర్భ రైళ్ళలో కోటు కింద కెమెరా దాచుకుని ఎదురు సీట్లో కూర్చున్నవాళ్ళ మొహాలు తీశాడు. అవి పుస్తకంగా వచ్చింది 1966లో. దాచి తీయడాన్ని నేను సమర్థించను, ఇవాళ అది తగదు కూడా. కానీ ఆ మొహాల్లో ఒక కాలమే ఉంది. 1940లో లండను మీద జర్మన్ బాంబులు పడుతున్నప్పుడు జనం రాత్రిళ్ళు భూగర్భ స్టేషన్లలో తలదాచుకున్నారు. బిల్ బ్రాంట్ అక్కడికి వెళ్ళి లివర్‌పూల్ స్ట్రీట్ సొరంగంలో వరసగా పడి నిద్రపోతున్నవాళ్ళని తీశాడు. ఆ సొరంగం కూడా చుక్కలోకి పోయేటంత పొడవు కనబడుతుంది. కానీ దాని పొడవు తెలిసేది గోడల వల్ల కాదు, పడుకున్న మనుషుల వల్ల. కళ అంటే అది.

మూడో వాదన బరువైనది. మనుషుల్ని తీస్తే, ముఖ్యంగా ఆడవాళ్ళని తీస్తే, వాళ్ళు అభ్యంతరపెడతారంటారు. పెట్టాలి కూడా. అడిగి తీయండి. వద్దంటే వెనకనుంచి తీయండి. కడ్డీ పట్టుకున్న చెయ్యి, సంచీ పక్కన పెట్టుకున్న కాళ్ళు, నేల తుడుస్తున్న చీపురు తీయండి. మర్యాద పేరు చెప్పి మొత్తం మనిషినే మాయం చేయడం మర్యాద కాదు.

ఇదంతా తెలుగు పత్రికలో ఎందుకని కొందరు అడగవచ్చు. 2021 ఫిబ్రవరి 14న ఉత్తర చెన్నైలో సర్ త్యాగరాయ కళాశాల స్టేషను తెరిచారు. మనం చాకలిపేట అని పిలుచుకునే ప్రాంతంలో నేల కింద ఉందది. ఆ పేరు పిట్టి త్యాగరాయ చెట్టిగారిది. 1916లో జస్టిస్ పార్టీ పుట్టించినవాళ్ళలో ఒకరు, మన తెలుగు దేవాంగుల ఇంటి బిడ్డ. ఆ ప్లాట్‌ఫారం మీద ఓ గంట నిలబడండి, తమిళం మధ్యలో మన మాట చెవిన పడుతుంది. రేపు ఎప్పుడో ఎవరైనా ఇక్కడ ఎవరుండేవారని వెతికితే, వైడ్ యాంగిల్ ఫొటోలో వాళ్ళకి దొరికేది టైల్సూ, ట్యూబులైట్లూ. త్యాగరాయ చెట్టిగారి పేరు చివర్న ఆవగింజంత. మనలాంటి కొద్దిమంది ఎప్పుడూ బొమ్మ అంచుల్లోనే ఉంటాం. ఈ లెన్సు అంచుల్లో వాళ్ళని సాగదీస్తుంది, లేదా కత్తిరించేస్తుంది. పెద్ద ఊళ్ళో చిన్న భాష మాట్లాడేవాడి ఉనికి దగ్గరనుంచి చూస్తేనే తెలుస్తుంది.

పాఠకుల్లో చాలామంది చేతుల్లో ఇవాళ కెమెరా ఫోనుంది. మద్రాసులోనే కాదు, బెంగుళూరులోనూ, బొంబాయిలోనూ నేల కింద మెట్రో నడుస్తోంది. మీ ఊరి స్టేషనుకి పోయి 0.5 నొక్కకుండా ఒక ఫొటో తీయండి. రద్దీ వేళ తీయండి. అందులో ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి తెలిసే ఉండాలి. కింద స్టేషను పేరు, తేదీ, వేళ, ఏ లెన్సో రాయండి. బ్యాలెన్స్ షీటు కింద నోట్సు లేకుండా ఆడిటరు సంతకం పెట్టడు, ఫొటోకి మాత్రం ఆ పద్ధతి ఎందుకుండకూడదు? అలాంటి ఫొటోలకి నెలకొక పేజీ కేటాయించమని సంపాదకులని కోరుతున్నాను. నా మాట తప్పన్నవాళ్ళు వచ్చే సంచికలో జవాబు రాయవచ్చు. కానీ రాసేముందు తాము తీసిన స్టేషను బొమ్మ ఒకటి బయటికి తీసి, అందులో ఎంతమంది మనుషులున్నారో లెక్కపెట్టి మరీ రాయాలని మనవి.