వెంట వచ్చు మంటపము

దేవాలయమున రాతిమంటపములో నిలిచి పాడిన కంఠము నిండుగా వినబడును. ఆ కంఠమే ఆరుబయట పందిరిక్రింద ఎండుటాకువలె తేలిపోవును. కంఠము మారలేదు, సాధన మారలేదు. మారినది చుట్టునున్న గోడ మాత్రమే. ఆ గోడను ఒక చిన్న పెట్టెలో నిమిడ్చి గానసభకు వెంట తీసికొనిపోవు ఉపాయమును ఈ మాసము వ్రాయుచున్నాము. ఇది పురుషుల పనియని పుట త్రిప్పివేయవలదు. సూదిలో దారమెక్కించు చేతికి ఇందులో అలవికానిది ఏదియు లేదు.

శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. 17 మీటర్లకు మించిన దూరమున గోడ యున్నచో మన పిలుపు మరల వేరుగా వినవచ్చును, అది ప్రతిధ్వని. గోడలు దగ్గరగా ననేకముగా నున్నచో తిరిగివచ్చు శబ్దములు ఒకదానిపై నొకటి పడి, విడివిడిగా తెలియక, స్వరమువెంట సాగి క్రమముగా అణగును, అది అనురణనము. 13వ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున స్వరలక్షణము చెప్పుచు అనురణనమును అందు చేర్చెను. ఆయన చెప్పినది నాదములోని మ్రోత. మంటపమిచ్చునది దానికి వెలుపలి తోడు.

ఈ తోడును మొదట లెక్కకు దెచ్చినవాడు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు అధ్యాపకుడు వాలెస్ సేబిన్. 1895లో అచటి క్రొత్త ఉపన్యాసశాలలో పలికిన మాట అయిదు సెకనులకు పైగా మ్రోగుచు, వెనుక వచ్చు మాటల నన్నిటిని మ్రింగివేయుచుండెను. ఆయన రాత్రివేళ మరియొక సభాశాలనుండి ఆసనముల మెత్తలు తెప్పించి పరచి, ఆర్గను గొట్టమును మ్రోగించి, ఆ మ్రోత అణగు కాలమును కొలిచెను. మెత్తలు హెచ్చినకొలది మ్రోత తగ్గెను. ఆయన లెక్కల ననుసరించియే 1900లో బోస్టను నగరపు సింఫనీ హాలు వెలసెను. పరుపులు, తెరలు, జనసమూహము మ్రోతను త్రాగివేయును. బయలున దానిని మరలించు గోడయే లేదు.

గోడకు బదులు ఉక్కు స్ప్రింగు పనిచేయునని టెలిఫోను ఇంజనీర్లు గ్రహించిరి. దూరపు సంభాషణలోని ఆలస్యమును పరీక్షించుటకు వారు దానిని వాడిరి. 1935లో విద్యుత్ ఆర్గనును వెలయించిన లారెన్స్ హామండు, తివాచీలు పరచిన యిండ్లలో తన వాద్యము పొడిగా వినబడుచుండుటచే, పిమ్మట ఆ యుపాయమును దానికి చేర్చెను. 1961లో ఫెండరు సంస్థ దానినే గిటారు వాద్యకుల కొరకు విడి పెట్టెగా అమ్మజూపెను. స్ప్రింగు ఒక కొనను కదల్చినచో ఆ కదలిక చుట్టవెంట చుట్టగా ప్రాకి, నిదానముగా రెండవ కొనను చేరి, వెనుదిరిగి, మరల వచ్చుచుండును. హాలులో గోడలు చేయు పని జానెడు ఉక్కుతీగలో నిట్లు జరుగును.

కావలసిన వస్తువులు: మూరెడు చెక్క చట్రము, సన్నని మెత్తని ఉక్కు స్ప్రింగులు రెండు, మూడంగుళముల 8 ఓముల స్పీకరు, బజరులలో నుండు పియెజో బిళ్ళ, ఎల్‌ఎం386 చిప్పు గల చిన్న యాంప్లిఫయరు పలక, పియెజోకు తగిన ప్రీయాంపు, పెన్సిలు సెల్లులు ఆరు, మూతగల రేకు పెట్టె, స్పాంజి. ప్రీయాంపు కొనునపుడు దాని లోనికి పోవు ద్వారమున పది లక్షల ఓముల రోధము కలదో లేదో అడిగి తెలిసికొనవలెను. లేనిచో మ్రోత పీలయగును.

స్పీకరును చట్రమునకు ఒక కొనను బిగించి, దాని కాగితపు గిన్నె నడుమ సన్నని తీగకొక్కెమును జిగురుతో అతుకవలెను. పియెజో బిళ్ళను రెండవ కొనను, ఒక అంచు మాత్రమే పట్టునట్లు బిగించి, విడిగానున్న అంచునకు మరియొక కొక్కెమును అతుకవలెను. ఈ రెంటి నడుమ స్ప్రింగులను తగిలింపుడు. చుట్టలు విడివడునంత సాగిన చాలును. స్పీకరు గిన్నె ముందునకు ఈడ్వబడరాదు. రెండు స్ప్రింగుల తీగ దళసరియు చుట్టల సంఖ్యయు వేరుగా నుండవలెను. ఒకే తీరువైనచో రెండింటి ఆలస్యము ఒకటియై, మ్రోత రేకుడబ్బా చప్పుడువలె నగును.

చట్రమును పెట్టెలో స్పాంజిపై నుంచుడు. పెట్టెకు దెబ్బ తగిలినచో స్ప్రింగులు ఉరుమువలె గర్జించును. పియెజోనుండి పోవు తీగ పైన జాలి కప్పినదై యుండవలెను. ఆ జాలిని రేకుపెట్టెకు కలుపవలెను. గోడ కరెంటును ఈ పెట్టెలోనికి రానీయకుడు. ఆరు సెల్లుల 9 వోల్టులే చాలును.

సభలో మిక్సరునందు ‘ఆక్స్’ అను ద్వారమునుండి గాత్రమును మన పెట్టెకు పంపి, పెట్టెనుండి వచ్చు మ్రోతను వేరొక చానెలులోనికి తీసికొనవలెను. ఆ చానెలుయొక్క ఆక్స్ మీటను పూర్తిగా తగ్గించి యుంచుడు. లేనిచో మ్రోత మరల పెట్టెలోనికే పోయి కూతపెట్టును. పెట్టెను పెద్ద స్పీకర్లకును మృదంగమునకును దూరముగా నుంచవలెను.

ఇంత శ్రమ యేల, మైకుసెట్టువాని యంత్రములో మ్రోత లేదా యని అడుగుదురు. కలదు, చిక్కంతయు అందే యున్నది. మా యూరి శ్రీరామనవమి పందిరిలో స్త్రీల భజనబృందము పాడుచుండగా ఆ మీట పైదాక త్రిప్పబడెను. సాహిత్యము మ్రోతలో మునిగిపోయెను. వెనుక వరుసలోని వృద్ధురాలు ‘ఏ కీర్తనమ్మా యిది?’ అని ప్రక్కవారి నడిగెను. తగ్గింపుమని కోరగా, ‘ఆడవారికి ఇవి తెలియవు’ అని సమాధానము వచ్చెను. నెలల తరబడి నేర్చిన పాట ఏ పాటయో వినువారికి తెలియకపోయెను.

కావున మ్రోతపాలు ఎంతయో నిర్ణయించు మీట పాడువారి చేతిలో నుండవలెనని మా యభిప్రాయము. కార్తికమాసపు భజనకు పైన చెప్పిన పెట్టెను మేమే కూర్చితిమి. మా వారు పాఠశాలనుండి టంకపుకడ్డీ తెచ్చి యిచ్చిరి. బృందములో నొకరిని చివరి వరుసలో కూర్చుండబెట్టి, త్వరితగతి చరణము నొకదానిని పాడి, అక్షరము లన్నియు తెలియువరకు మీటను తగ్గించితిమి. ఆ రాత్రి వెనుకనున్నవారు కూడ పల్లవి నందుకొని పాడిరి.

ఈ పరీక్షయే కొలబద్ద. మ్రోత యున్నట్లు తెలియరాదు. తీసివేసినప్పుడు మాత్రము లోటు తెలియవలెను. నిదానమైన పద్యమునకు కొంత హెచ్చుగా, జోరు పాటకు తక్కువగా పెట్టుకొనవలెను. ఉపన్యాసమునకు పూర్తిగా మాన్పుడు. వంటలో ఇంగువవలె దీనికిని చిటికెడే అందము.

ఇట్టి మ్రోతనిచ్చు విద్యుత్ పలకలు నేడు అంగళ్లలో సిద్ధముగా దొరకును. అవి కొన్నను దోషము లేదు. కాని స్ప్రింగులు తగిలించి చూచిన స్త్రీకి మీట త్రిప్పినప్పుడు లోపల జరుగునది తెలియును. తెలిసినవారి మాటను మైకుసెట్టువాడును త్రోసివేయజాలడు. భజనబృందములు గల సోదరీమణులు రాబోవు పండుగకు ముందే ఈ పని కుపక్రమింతురు గాక.