పాపి వేరు, అవినీతిపరుడు వేరు

క్రితం నెల ఫ్లాట్ రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను. ఏజెంటు ఇచ్చిన కాయితంలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు, ఆయన ఫీజు, అన్నిటికంటే కింద 'ఆఫీసు ఖర్చులు' అని ఒక లైను ఉంది. అదేంటంటే "మామూలే సార్" అన్నాడు. నేను మళ్ళీ అడగలేదు. పావుగంటలో ఫోటోలు, వేలిముద్రలు అయిపోయాయి. బయటికొచ్చి టీ తాగుతూ "అబ్బ, ఎంత తొందరగా అయిపోయిందో" అని మా ఆవిడతో అన్నాను కూడా. లంచం ఇచ్చినందుకు కంటే, ఆ టీ రుచిగా ఉన్నందుకు ఇప్పుడు బాధగా ఉంది.

మర్నాడు క్యాంటీన్లో ఈ సంగతి చెప్తే, పక్క టీములో ఉండే మా గుంటూరు కాథలిక్ మిత్రుడు నవ్వి, "గురూ, దీని మీద మా పోప్ ఫ్రాన్సిస్ ఓ చిన్న పుస్తకమే రాశాడు, చదువు" అన్నాడు. నేను క్రైస్తవుణ్ణి కాదు. చిన్నప్పుడు రెండుసార్లు గుణదల తిరునాళ్ళకి వెళ్ళటం తప్ప ఆ మతంతో నాకు పరిచయం లేదు. అయినా చదివాను.

ఫ్రాన్సిస్ అది రాసింది 1991లో, పోప్ కాకముందు, అర్జెంటీనాలో జెస్యూట్ ఫాదరీగా ఉన్నప్పుడు. పుస్తకంగా వచ్చింది 2005లో. ఆయన చెప్పేది ఇదీ: పాపం చేసినవాడికి తప్పు చేశానని తెలుసు. లోపలెక్కడో గుచ్చుకుంటుంది, కాబట్టి క్షమాపణ అడుగుతాడు. అవినీతిపరుడికి ఆ గుచ్చుకోవటం పోయింది. చేసేదానికి ఒక మర్యాదైన పేరు పెట్టుకుని హాయిగా ఉంటాడు. అడగనివాడికి క్షమాపణ ఎలా దొరుకుతుంది? ఇది నోటి దుర్వాసన లాంటిదంటాడు. ఉన్నవాడికి తెలీదు, పక్కవాళ్ళు చెప్పాలి.

మర్యాదైన పేర్లంటే మన తర్వాతే ఎవరైనా. ఆమ్యామ్యా, చాయ్‌పానీ, చేతులు తడపటం... అన్నిటికంటే గొప్పది 'మామూలు'. రోజూ జరిగేదానికీ, జరక్కూడనిదానికీ ఒకే మాట వాడుతున్నాం! ఫ్రాన్సిస్ పుస్తకమంతా చెప్పింది మన ఏజెంటు ఒక్క మాటలో చెప్పేశాడు.

పనిలో పనిగా డబ్బు గురించి కాథలిక్కులు ఇంకేం చెప్పారో చూశాను. పేదరికాన్ని పొగుడుతారని కొందరు, పోపులు కమ్యూనిస్టులయ్యారని కొందరు అంటుంటారు. రెండూ తప్పే. 1891లో పదమూడో లియో 'రేరుమ్ నోవారుమ్' అనే లేఖలో సొంత ఆస్తి మనిషి హక్కని చెప్పి సోషలిజాన్ని కాదన్నాడు. అదే లేఖలో యజమానులకీ చురక ఉంది. కార్మికుడు ఒప్పుకున్నాడు కదా అని ఆ జీతం న్యాయమైపోదు, పొదుపుగా బతికే మనిషికి ఇల్లు గడవాలి, సంఘం పెట్టుకునే హక్కు ఉండాలి అన్నాడు. 1931లో పదకొండో పయస్, చిన్న సంస్థ చేసుకోగల పనిని పెద్దది లాక్కోకూడదన్నాడు (మన భాషలో, మాడ్యూల్‌లో ఉండాల్సింది మెయిన్‌లో కుక్కద్దని :)). బెర్లిన్ గోడ కూలాక 1991లో, కమ్యూనిస్టు పోలండ్ నుంచి వచ్చిన రెండో జాన్ పాల్, మరి పెట్టుబడిదారీ విధానమే గెలిచిందా అని తనే ప్రశ్న వేసుకున్నాడు. వ్యాపారం, మార్కెట్, ఆస్తి, వాటితోపాటు బాధ్యత అని అర్థమైతే సరే, చట్టం కట్టడి లేని స్వేచ్ఛ అనైతే కాదు అని జవాబిచ్చాడు. మొత్తానికి సంపద తప్పని వాళ్ళు అనలేదు. కానీ భూమ్మీదున్నవి మొదట అందరివీ, నీ ఆస్తి హక్కు ఆ తర్వాత అంటారు.

ఇదంతా పాత చింతకాయ పచ్చడి అనుకునేవాళ్ళకి ఒక సంగతి. 2025 మేలో ఎన్నికైన కొత్త పోప్, పద్నాలుగో లియో అని పేరు పెట్టుకోవటానికి ముఖ్య కారణం ఆ పదమూడో లియోనే. ఆయన తొలి పారిశ్రామిక విప్లవాన్ని ఎదుర్కొన్నాడు, ఇప్పుడు ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌తో మరొకటి వచ్చిందని కొత్తాయన చెప్పాడు. అంటే ఈసారి మిల్లు కార్మికుల స్థానంలో ఉన్నది మనమే!

నాకు అసలు దెబ్బ తగిలింది వేరే చోట. కాథలిక్కుల ధర్మబోధ గ్రంథం, 2409వ పేరాలో, 'దొంగిలింపవద్దు' అన్న ఆజ్ఞ కింద ఒక జాబితా ఉంది. లంచంతో అధికారి నిర్ణయాన్ని మార్చటం, పన్ను ఎగ్గొట్టటం, దొంగ బిల్లులు... సరే. వాటి మధ్యలోనే సంస్థ వస్తువుల్ని సొంతానికి వాడుకోవటం, పనిని నాసిరకంగా చేయటం కూడా ఉన్నాయి. నాసిరకం పని! టెస్ట్ చేయకుండా శుక్రవారం సాయంత్రం చెక్-ఇన్ చేసి వెళ్ళిపోయిన కోడ్, ఇల్లు గడవటానికి కాక పన్ను తగ్గటానికి రాయించిన అద్దె రసీదులు, ఎనిమిది గంటలని నింపిన టైమ్‌షీట్లు... రాజకీయ నాయకుల్ని తిట్టేటప్పుడు మనకివేవీ గుర్తు రావు.

"ముందు వాటికన్ తన ఇల్లు సర్దుకోమను" అనొచ్చు మీరు. నిజమే. 1982లో బాంకో అంబ్రోసియానో కుప్పకూలినప్పుడు వాటికన్ బ్యాంకు పేరు అందులో గట్టిగా వినిపించింది. లండన్లో ఒక భవనం మీద పెట్టిన పెట్టుబడి వ్యవహారంలో 2023 డిసెంబరులో వాటికన్ కోర్టే కార్డినల్ బెచ్చూకి అయిదున్నరేళ్ళ జైలు శిక్ష వేసింది (ఆయన తప్పు చేయలేదంటూ అప్పీలుకెళ్ళాడు). కానీ డాక్టరు సిగరెట్ తాగినంత మాత్రాన పొగ మంచిదైపోదుగా.

ఇంకో మాటా అనొచ్చు: ఇవ్వకపోతే పని జరగదు, ఇచ్చేవాడు బాధితుడేగా? చట్టం కూడా ఆ తేడా చూస్తుంది. 2018 సవరణ తర్వాత లంచం ఇవ్వటం కూడా నేరమే. బలవంతమ్మీద ఇచ్చి, వారంలోగా ఫిర్యాదు చేసినవాడికి మినహాయింపు ఉంది. ఆస్పత్రిలో బిడ్డ కోసం ఇచ్చినవాణ్ణి నేనేమీ అనను. కానీ నన్నెవరూ బలవంతం చేయలేదు. రెండు రోజుల సెలవు మిగులుతుందని కొనుక్కున్నాను. నేను పావుగంటలో బయటికొచ్చినప్పుడు ఆ వరండాలో ఏజెంటు లేకుండా వచ్చిన ఒక పెద్దాయన, పాస్‌బుక్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేను లోపలికెళ్ళేటప్పుడూ అక్కడే ఉన్నాడు. నేను కొన్నది ఆయన టైము.

బైబిల్లో జక్కయ్య అని ఒక పన్నుల అధికారి కథ ఉంది. మారిన రోజున, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానంటాడు. నేను ఎవరికి తిరిగివ్వాలి? ఆ పెద్దాయన పేరు కూడా తెలీదు. ఇంకా మ్యుటేషన్ పని మిగిలే ఉంది. "అదీ నేను చూసుకుంటా సార్" అని ఏజెంటు నిన్న ఫోన్ చేశాడు. వద్దన్నాను. మంగళవారం సెలవు పెట్టాను, నేనే వెళ్ళి లైన్లో నిలబడతాను. ఒక్క రోజులో అవుతుందన్న నమ్మకమేమీ లేదు.