చందా ఒక్క బిడ్డకా, వార్డు మొత్తానికా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో మన సెల్‌ఫోన్లకు తరచుగా చేరే విజ్ఞప్తి ఒకటి ఉన్నది. నెలలు నిండకుండా పుట్టిన పసికందు ఫోటో, ముక్కులో గొట్టం, కింద తండ్రి బ్యాంకు ఖాతా సంఖ్య, పక్కనే ఒక ప్రైవేటు ఆసుపత్రి వేసిన ఖర్చు అంచనా. జుమా నమాజు ముగియగానే మస్జిదు గుమ్మం వద్ద దస్తీ పరుస్తారు. దుబాయిలో, రియాద్‌లో కూలి చేసుకునే మన పిల్లలు తమ జీతం నుండి తోచినంత పంపుతారు. ఈ హృదయ స్పందనను ఎవరూ తప్పుపట్టలేరు. కానీ వచ్చే నెల మరొక ఫోటో వస్తుంది. మళ్ళీ దస్తీ పరుస్తాము. సమాజం ఇంతగా ఇస్తున్నా, మన ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు మాత్రం ఎక్కడ ఉన్నదో అక్కడే ఉన్నది. ఈ విషయం మనం కలిసి కూర్చుని ఆలోచించవలసినది.

తల్లి గర్భంలో 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని శిశువు అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచమంతటా ఒక కోటి 34 లక్షల మంది ఇలా పుట్టారు. అందులో దాదాపు 30 లక్షల మంది మన దేశపు బిడ్డలే. 2020 నమూనా నమోదు వ్యవస్థ గణాంకాలలో తెలంగాణలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 21 మంది ఏడాది నిండకుండానే మరణించారు. ఆ 21 మందిలో 15 మంది తొలి 28 రోజులలోనే పోయారు. అంటే శిశు మరణాలను తగ్గించాలన్న పోరాటం ప్రధానంగా ఆ తొలి నెలలోనే గెలవాలి, లేదా ఓడాలి.

ఆ తొలి నెలలో ఏమి కావాలి? తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు కనుక రేడియంట్ వార్మర్ కావాలి. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా సన్నని ఒత్తిడితో గాలి అందించే సీపాప్ కావాలి. కామెర్లకు నీలి కాంతినిచ్చే ఫోటోథెరపీ దీపం, చుక్కలుగా మందునిచ్చే సిరంజి పంపు, రక్తంలో ఆక్సిజన్‌ను అనుక్షణం చూపే పల్స్ ఆక్సీమీటర్ కావాలి. ఇవేవీ రాజధానిలో మాత్రమే ఉండదగిన వింత యంత్రాలు కావు. కోరుట్ల నుండి జగిత్యాలకు, అక్కడి నుండి కరీంనగర్‌కు, అది దాటి హైదరాబాద్‌కు బిడ్డను మోసుకుపోయే ఆ గంటలలోనే చలి, ఊపిరాడకపోవడం ఆ ప్రాణాన్ని కబళిస్తాయి. కనుక యంత్రం బిడ్డకు దగ్గరగా ఉండాలి.

అయితే యంత్రం కొని ఇవ్వడమే సేవ అనుకుంటే పొరపాటు. ఆక్సిజన్ సంగతే చూడండి. అది ప్రాణవాయువే. కానీ నెలలు నిండని బిడ్డకు మోతాదు మించి అందితే కంటి వెనుక పొర దెబ్బతిని చూపు పోయే ప్రమాదం ఉన్నది. అందుకే ఆక్సిజన్‌ను గాలితో కొలతగా కలిపే బ్లెండర్, ఆక్సీమీటర్, నాలుగు వారాల లోపు కంటి పరీక్ష, ఈ మూడూ లేకుండా సిలిండర్ ఒక్కటే దానం చేయడం నిండు మేలు కాదు. నవజాత శిశువుల ప్రత్యేక వార్డులో ప్రతి షిఫ్టులోనూ మూడు నాలుగు పడకలకు ఒక శిక్షణ పొందిన నర్సు ఉండాలి. నర్సు లేని చోట వార్మర్ ఖరీదైన మంచం మాత్రమే. దాత పేరు చెక్కిన పలక గోడపై మెరుస్తూ, యంత్రం మూలన దుమ్ము పట్టి ఉండడం ఎవరికీ కొత్త సంగతి కాదు.

చందాల చరిత్రలో ఒక విచిత్ర ఘట్టం ఉన్నది. అమెరికాలో మార్టిన్ కూనీ అనే వ్యక్తి 1903 నుండి 1943 వరకు న్యూయార్క్ నగరంలోని కోనీ ఐలాండ్ వినోద కేంద్రంలో నెలలు నిండని బిడ్డలను ఇంక్యుబేటర్లలో ఉంచి, 25 సెంట్ల టికెట్టు పెట్టి జనానికి చూపేవాడు. తల్లిదండ్రుల నుండి పైసా తీసుకునేవాడు కాదు. ఆ టికెట్ల సొమ్ముతోనే నర్సులకు జీతాలిచ్చి, వేలాది శిశువుల ప్రాణం నిలిపాడు. ఆసుపత్రులు ఆ బాధ్యతను తాము తలకెత్తుకోవడం మొదలైన తర్వాత ఆ ప్రదర్శన మూతపడింది. బిడ్డలు బ్రతికారు, నిజమే. కానీ బ్రతకడానికి ఒక పసికందు సంతలో ప్రదర్శన కావలసి రావడం ఆ సమాజానికి గౌరవమా? నేడు సెల్‌ఫోన్‌లో తిరిగే ఫోటోలు దానికి ఎంత దూరంలో ఉన్నాయి? ఎవరి బిడ్డ ఫోటో ఎక్కువ జాలి పుట్టిస్తే వారికే సొమ్ము చేరుతుంది. ఫోటో తీయడం తెలియని, అడగడానికి సిగ్గుపడే బీడీ కార్మికురాలి బిడ్డకు ఏమీ చేరదు. వార్డుకు ఇచ్చిన యంత్రం మాత్రం ఎవరి జాలికథనూ అడగదు.

మన నేలపైనే మరొక ఉదాహరణ ఉన్నది. నిజాం కుమారుడు మొఅజ్జమ్ జా భార్య నీలోఫర్ వద్ద పనిచేసిన రఫత్ అనే పరిచారిక 1949లో ప్రసవ సమయంలో తగిన వైద్యం అందక మరణించింది. ఆ దుఃఖమే హైదరాబాద్‌లో 1953లో ప్రారంభమైన నీలోఫర్ ఆసుపత్రికి ప్రేరణ అయినదని చెబుతారు. రాకుమారి తలచుకుంటే రఫత్ కుటుంబానికి కొంత సొమ్మిచ్చి ఊరుకొని ఉండవచ్చు. కానీ ఒక్కరి కోసం కలిగిన దుఃఖం అందరి కోసం ఒక సంస్థ అయింది. ఏడు దశాబ్దాలుగా అన్ని మతాల తల్లులూ ఆ గుమ్మం తొక్కుతున్నారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వినవస్తుంది. ఆసుపత్రి నడపడం ప్రభుత్వ బాధ్యత కదా, మనం చందా ఇస్తే ప్రభుత్వం తప్పుకోదా? ఈ ప్రశ్న న్యాయమైనది. 2011 జూన్‌లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో జబ్బుపడిన నవజాత శిశువుకు మందులు, పరీక్షలు, రక్తం, రవాణా ఉచితంగా అందడం హక్కు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుండి 10 లక్షల రూపాయలు. జగిత్యాలకు 2022లో, సిరిసిల్లకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇవి ఉండగా దస్తీ పరచేముందు ఈ హక్కులను అడిగామా అని చూసుకోవాలి. నర్సు పోస్టులు, నిరంతర విద్యుత్తు, వైద్యుని నియామకం ప్రభుత్వమే ఇవ్వాలి. అందులో మనం పైసా పెట్టరాదు. అడగడం మాత్రం మానరాదు. మన చందా ప్రభుత్వ బాధ్యతకు బదులు కాకూడదు. ఆ బాధ్యతను గుర్తుచేసే పత్రం కావాలి.

ప్రభుత్వ కార్యాలయంలో జీవితకాలం ఫైళ్ళు నడిపినవాడిగా కొన్ని పద్ధతులు సూచిస్తాను. మొదట సమాచార హక్కు చట్టం కింద మూడు పట్టణాల ఆసుపత్రులకు దరఖాస్తు పెట్టాలి. నవజాత శిశువుల యంత్రాలు ఎన్ని, అందులో పనిచేస్తున్నవి ఎన్ని, మంజూరైన నర్సు పోస్టులలో ఖాళీలెన్ని అని అడగాలి. చెడిపోయి ఉన్నది బాగుచేయించడం కొత్తది కొనడం కంటే తరచుగా చవక. రెండవది, ఏ యంత్రం కావాలో పిల్లల వైద్యుడు వ్రాతపూర్వకంగా కోరాలి. మనకు నచ్చినది కాదు, వారు అడిగినదే ఇవ్వాలి. మూడవది, ఆసుపత్రి అభివృద్ధి సంఘం ద్వారా ఇచ్చి, స్టాకు రిజిస్టరులో నమోదు చేయించి, ఆ పేజీ నకలు తీసుకోవాలి. నాలుగవది, వసూలులో ఒక భాగాన్ని వార్షిక నిర్వహణకు, విడిభాగాలకు ముందే పక్కన పెట్టాలి. ఐదవది, ఆరు నెలలకొకసారి వెళ్ళి యంత్రం నడుస్తున్నదా అని చూసి, ఆ నివేదికను మస్జిదు నోటీసు బోర్డుపై పెట్టాలి.

సొమ్ము విషయంలో స్పష్టత అవసరం. హనఫీ ఉలమాల సాధారణ అభిప్రాయం ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాని సొంతం కావాలి. కనుక యంత్రాలకు సదఖా, అతియాల నుండే వసూలు చేయడం ఉత్తమం. జకాత్‌ను పేద తల్లిదండ్రుల చేతికి, బయట కొనవలసి వచ్చే మందులకు, తల్లి భోజనానికి, దారి ఖర్చులకు కేటాయించవచ్చు. స్థానిక ముఫ్తీలను సంప్రదించి రెండు ఖాతాలు వేరుగా ఉంచాలి. గల్ఫ్‌లోని సోదరులకు ఒక మాట. భారత పౌరుడు తన సొంత సంపాదన నుండి బ్యాంకు ద్వారా పంపే విరాళాన్ని చట్టం విదేశీ విరాళంగా పరిగణించదు. విదేశీ పౌరుల, అక్కడి కంపెనీల సొమ్ముకు మాత్రం విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. హవాలాకు, చేతి మారకానికి ఈ పనిలో చోటు లేదు.

చివరగా, అన్నిటికంటే చవకైన యంత్రం తల్లి గుండె. బిడ్డను తల్లి రొమ్ముకు చర్మానికి చర్మం తగిలేలా కట్టి ఉంచే కంగారూ సంరక్షణ 1970 దశకం చివర కొలంబియా దేశపు బొగోటా నగరంలో, ఇంక్యుబేటర్లు చాలక మొదలైనది. భారత్ సహా ఐదు దేశాలలో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు చిన్న శిశువుల మరణాలు నాలుగింట ఒక వంతు తగ్గాయి. దీనికి కావలసినది వార్డులోనే తల్లికి ఒక మంచం, పరదా, ఇంటివారి సహకారం. పరదా ఉంటే మన స్త్రీలు నిస్సంకోచంగా బిడ్డ వద్ద ఉండగలరు. కనుక తొలి చందా ఈ మంచాలకూ పరదాలకూ ఇవ్వవచ్చు. అలాగే నెలలు నిండకుండా నొప్పులు మొదలైన తల్లికి సకాలంలో ఇచ్చే డెక్సామెథాసోన్ ఇంజెక్షన్లు బిడ్డ ఊపిరితిత్తులను సిద్ధం చేస్తాయి. వాటి ఖర్చు అత్యల్పం. నొప్పులు రాగానే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి అని మహిళల ఇజ్తెమాలలో చెప్పడానికి చందా కూడా అక్కరలేదు.

నా ప్రతిపాదన ఇది. వచ్చే రంజాన్‌కు ముందే మూడు పట్టణాల మస్జిదు కమిటీలు, మహిళా సంఘాలు, యువజనులు కలిసి ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క కమిటీ వేసుకోవాలి. అందులో కనీసం సగం మంది స్త్రీలు ఉండాలి. మర నేసే పద్మశాలి సోదరులను, బీడీ కార్మిక సంఘాలను కూడా పిలవాలి. ఎందుకంటే ఆ వార్డులో మన బిడ్డ పక్క పడకలో వారి బిడ్డ ఉంటుంది. కాపాడవలసిన బిడ్డ ఎదుట ఉన్నప్పుడు దస్తీ పరచవలసిందే, పరుద్దాము. కానీ ప్రతి వంద రూపాయలలో కనీసం ఇరవై రూపాయలు ఇంకా పుట్టని బిడ్డ కోసం దాచుదాము.